ముందు మన డ్రైవింగ్ చూసుకుని ఆ తర్వాత బ్యాటరీ కొనాలి

సంపాదకులకు నమస్కారం.

మీ ఆటోమొబైల్ పేజీలో ప్రీమియం కారు బ్యాటరీల మీద వచ్చిన వ్యాసం చదివాను. వారంటీ ఎన్ని నెలలు, కెపాసిటీ ఎంత, సెల్ఫ్ తిప్పే బలం ఎంత, ధర ఎంత అని పట్టిక వేసి, అంకెలు పెద్దగా ఉన్నవాటికి ఎక్కువ స్టార్లు ఇచ్చారు. పాఠకులకు ఉపయోగపడాలనే రాశారు, అందులో సందేహం లేదు. కానీ ఆ కారును ఎవరు, ఎంత దూరం, ఎన్ని రోజులకోసారి నడుపుతారన్న మాట వ్యాసంలో ఎక్కడా రాలేదు. అది తెలియకుండా ఏ బ్యాటరీ మంచిదో చెప్పడం కుదరదు. ఖరీదైన బ్యాటరీ వేయించుకుని కూడా పొద్దున్నే సెల్ఫ్ తిరగక టెన్షన్ పడేవాళ్లు నాకు చాలామంది తెలుసు. అందుకే ఇంత పొడుగు ఉత్తరం రాస్తున్నాను.

కారులో స్టార్టింగ్ కోసం ఉండేది సీసం, యాసిడ్‌తో పనిచేసే బ్యాటరీ. 1859లో ఫ్రెంచ్ శాస్త్రవేత్త గాస్టన్ ప్లాంటే కనిపెట్టిన పద్ధతే ఇప్పటికీ నడుస్తోంది. లోపల ఆరు సెల్స్, ఒక్కోటి 2.1 వోల్టులు, అన్నీ కలిపి 12.6. సెల్ఫ్ కొట్టిన ఒకటి రెండు సెకన్లలో వందల ఆంపియర్లు ఒక్క ఊపున ఇచ్చేసి, ఇంజిన్ అందుకోగానే, దానితో పాటు తిరుగుతూ కరెంటు తయారుచేసే ఆల్టర్నేటర్ నుంచి తిరిగి నింపుకోవడం దీని పని. అందుకే ప్లేట్లు పల్చగా, ఎక్కువ సంఖ్యలో ఉంటాయి. సగం దాకా ఖాళీ చేసి మళ్లీ నింపడం, మళ్లీ ఖాళీ చేయడం అనేది మామూలు స్టార్టింగ్ బ్యాటరీకి అసలు పడదు. ప్రీమియం బ్యాటరీకి, మామూలు దానికి మధ్య నిజమైన తేడా చాలావరకు ఇక్కడే, అంటే పూర్తిగా నిండకుండా, మాటిమాటికీ కొంత ఖాళీ అవుతూ ఎంతకాలం తట్టుకోగలదన్న దగ్గర కనిపిస్తుంది.

ఇప్పుడు రోజూ పది నిమిషాలు వెళ్లి, ఆపి, మళ్లీ పది నిమిషాలు వచ్చేవాళ్ల సంగతి చూడండి. ప్రతిసారీ స్టార్ట్ చేయడం వల్లే బ్యాటరీ ఖాళీ అయిపోతుందని అందరూ అనుకుంటారు గానీ, ఆరోగ్యంగా ఉన్న ఇంజిన్ ఒకసారి స్టార్ట్ కావడానికి ఖర్చయ్యేది ఆంపియర్ అవర్‌లో (ఒక ఆంపియర్ కరెంటు గంటసేపు ఇస్తే అయ్యే లెక్క) చిన్న ముక్క మాత్రమే. ఇబ్బంది వేరే చోట ఉంది. సీసం బ్యాటరీ మొదట్లో గబగబా నిండుతుంది, కానీ చివరి ఐదో వంతు నిండాలంటే గంటలు పడుతుంది, ఎంత పెద్ద ఆల్టర్నేటర్ ఉన్నా తొందరపెట్టలేం. దానికి తోడు ఏసీ ఫ్యాన్, హెడ్‌లైట్లు, వెనకద్దం మీద మంచు కరిగించే హీటర్ అన్నీ ఒకేసారి లాగుతుంటే, ట్రాఫిక్‌లో ఇంజిన్ ఐడిలింగ్‌లో ఉంటే, బ్యాటరీకి మిగిలేది తక్కువే. పాత అప్పు తీరకముందే కొత్త అప్పు చేసినట్టు అలా నెలల తరబడి సగం నిండిన బ్యాటరీతోనే కారు తిరుగుతుంది. ప్లేట్ల మీద ఏర్పడే సీసపు సల్ఫేట్ వెంటనే కరగాలి, కరగకపోతే గట్టిపడిపోతుంది, గట్టిపడినంత మేర ఆ ప్లేటు ఇక పనిచేయదు. ఇలాంటి వాళ్లు ఇంకా పెద్ద కెపాసిటీ ఉన్న మామూలు బ్యాటరీ వేయించుకుంటే పెద్దగా లాభం లేదు, పెద్దదాన్ని కూడా అంతే సగం సగం నింపుతారు. ఛార్జింగ్‌ను త్వరగా అందుకునే రకం తీసుకోవడం, అప్పుడప్పుడూ ఛార్జర్ పెట్టి రాత్రంతా నింపడం, ఈ రెండూ కలిస్తేనే ఫలితం ఉంటుంది.

వారాల తరబడి కారు తీయనివాళ్ల లెక్క వేరు. తాళం వేసిన కారు కూడా కరెంటు తింటూనే ఉంటుంది. అలారం, కీలెస్ లాకు, కంప్యూటర్ల మెమరీ, వీటన్నిటికీ కలిపి 50 మిల్లీ ఆంపియర్ల లోపు అయితే మామూలే అంటారు. ఆ 50 మిల్లీ ఆంపియర్లనే లెక్కకట్టండి: రోజుకు 1.2 ఆంపియర్ అవర్లు. 60 ఆంపియర్ అవర్ల బ్యాటరీ కొత్తదైనా సరే, 25 రోజుల్లో సగానికి వచ్చేస్తుంది. పార్కింగ్‌లో కూడా రికార్డు చేసే డాష్‌క్యామ్ పెట్టించుకున్నవాళ్లకైతే అంతకంటే చాలా ముందే. వీళ్లకు కావాల్సింది నిండిన తర్వాత తనంతట తానే తగ్గించుకుని నిలబెట్టే చిన్న మెయింటెయినర్ ఛార్జర్. బ్యాటరీ ఖరీదు పెంచుకుంటూ పోతే ఈ సమస్య తీరదు.

సిగ్నల్ దగ్గర ఇంజిన్ దానంతట అదే ఆగి, బ్రేకు వదలగానే మళ్లీ అందుకునే స్టార్ట్-స్టాప్ కార్ల విషయంలో మాత్రం ఎంపిక మన చేతుల్లో అంతగా లేదు. అలాంటి కారుకు కంపెనీ ఈఎఫ్‌బీ గానీ, ఏజీఎం గానీ వేసి ఇస్తుంది. ఈఎఫ్‌బీ అంటే మామూలు యాసిడ్ బ్యాటరీనే ప్లేట్లు బలపరిచి, ఎక్కువసార్లు ఖాళీ అయి నిండడాన్ని తట్టుకునేలా చేసింది. ఏజీఎంలో యాసిడ్ విడిగా ఉండదు, ప్లేట్ల మధ్య గాజు నూలుతో చేసిన పల్చటి చాపలో పీల్చుకుని ఉంటుంది. ప్లేట్లు గట్టిగా ఒత్తుకుని ఉండటం వల్ల కుదుపులకు రాలిపోవు, త్వరగా ఛార్జ్ తీసుకుంటుంది, యాసిడ్ ఒలకదు. ఈఎఫ్‌బీ ఉన్నచోట కారు తయారీదారు ఒప్పుకుంటే ఏజీఎం వేసుకోవచ్చు. ఏజీఎం ఉన్నచోట తక్కువకు వస్తుందని మామూలు బ్యాటరీ పెట్టించుకోవడం మాత్రం డబ్బు పారేసుకోవడమే, అది ఆ పనికి చేసింది కాదు. ఇంకో మాట, కొన్ని కార్లలో కొత్త బ్యాటరీ పెట్టినట్టు కారు కంప్యూటర్‌కు స్కానర్‌తో తెలియజేయాలి, లేకపోతే అది పాత బ్యాటరీ అనుకునే ఛార్జ్ చేస్తూ పోతుంది. బిల్లు కట్టేముందే ఈ పని చేస్తారో లేదో అడగాలి.

అలాగని అందరికీ ఏజీఎం మంచిదని చెప్పలేను. మీ వ్యాసం చలి గురించే ఎక్కువ చెప్పింది గానీ బ్యాటరీని నిజంగా అరగదీసేది వేడి. పది డిగ్రీలు పెరిగితే లోపలి రసాయన చర్యలు సుమారు రెట్టింపు వేగంతో జరుగుతాయని అంటారు. ప్లేట్ల లోపలి సీసపు జాలీ (గ్రిడ్) తినుకుపోతుంది, నీరు ఆవిరవుతుంది. మూత ఉన్న మామూలు బ్యాటరీలో డిస్టిల్డ్ వాటర్ పోసుకోవచ్చు, ఏజీఎంలో పోయిన నీరు పోయినట్టే. చాలా కార్లలో ఏజీఎంను డిక్కీలోనో, సీటు కిందో పెట్టడానికి ఇదొక కారణం. ఎండలోనే ఎక్కువసేపు నిలబడే కారు, బ్యాటరీ ఇంజిన్ పక్కనే ఉన్న కారు అయితే, దాని చుట్టూ కంపెనీ ఇచ్చిన వేడి తగలకుండా కాపాడే తొడుగును పారేయకుండా తిరిగి పెట్టించడం ముఖ్యం. బ్యాటరీ మార్చేటప్పుడు షెడ్డులో ఆ తొడుగు పక్కన పడేసి మర్చిపోవడం చాలాసార్లు చూశాను.

లేబుల్ మీది అంకెల గురించి కూడా కాస్త చెప్పాలి. ఆంపియర్ అవర్ అంటే 20 గంటలపాటు నెమ్మదిగా వాడితే ఎంత ఇస్తుందన్న లెక్క, అంటే 60 అని ఉంటే 3 ఆంపియర్ల చొప్పున 20 గంటలు. సెల్ఫ్ తిరిగే బలం ఇందులో తెలియదు. దానికి చూడాల్సింది సీసీఏ (కోల్డ్ క్రాంకింగ్ ఆంప్స్), అంటే సున్నాకు 18 డిగ్రీలు దిగువన బ్యాటరీ ఎన్ని ఆంపియర్లు ఇవ్వగలదనేది. ఇక్కడే మీ పట్టికలో చిక్కు వచ్చింది. అమెరికా ఎస్ఏఈ పద్ధతిలో 30 సెకన్లపాటు ఇచ్చాక కూడా 7.2 వోల్టులు నిలవాలి, యూరప్ ఈఎన్ పద్ధతిలో 10 సెకన్లకు 7.5 వోల్టులు నిలవాలి. అంకె పక్కన ఏ పద్ధతో చూడకుండా ఒక బ్రాండు 600కు, ఇంకో బ్రాండు 570కి పోలిక పెడితే పాఠకుడు పొరపాటుపడతాడు. డీజిల్ కారుకు ఈ అంకె ఎక్కువే కావాలి, దాని ఇంజిన్‌లో కంప్రెషన్ ఎక్కువ, స్టార్ట్ చేసేముందు ఇంజిన్ లోపల వేడిచేసే గ్లో ప్లగ్‌లు కూడా కరెంటు లాగుతాయి. ఇక ఆల్టర్నేటర్ పోయినా రాత్రి లైట్లతో ఎన్ని నిమిషాలు నెట్టుకురావచ్చో చెప్పేది రిజర్వ్ కెపాసిటీ. 25 ఆంపియర్లు లాగుతుంటే 10.5 వోల్టులకు పడిపోయేదాకా పట్టే సమయం అది. దూర ప్రయాణాలు చేసేవాళ్లు, పెద్ద యాంప్లిఫైయర్ పెట్టించుకున్నవాళ్లు ముందు దీన్ని చూడాలి.

రోజూ గంట, గంటన్నర ఒకే వేగంతో హైవే మీద వెళ్లేవాళ్లకు, స్టార్ట్-స్టాప్ లేని కారైతే, సరైన సైజులో మంచి మామూలు బ్యాటరీ చాలు. ఇదే నా గట్టి అభిప్రాయం. ఆ మిగిలిన డబ్బు టైర్ల మీద పెట్టుకోవచ్చు.

అసలు బ్యాటరీ పోయిందో లేదో తేల్చుకోకుండానే చాలామంది కొనేస్తున్నారు, దీని గురించి మీరు ఒక్క వాక్యమైనా రాయాల్సింది. చవకైన మల్టీమీటర్ ఉంటే చాలు. రాత్రంతా కదలకుండా ఉన్న కారుకు, పొద్దున డోరు కూడా తీయకముందే బానెట్ ఎత్తి చూడగలిగితే ఇంకా మంచిది, ఎర్ర వైరు ప్లస్‌కు, నల్లది మైనస్‌కు ఆనించండి. 12.6 దగ్గర ఉంటే నిండుగా ఉన్నట్టు, 12.2 ఉంటే సగం, 12 కంటే దిగువకు పోతే దాదాపు ఖాళీ. ఇంకొకరిని సెల్ఫ్ కొట్టమని మీటరు మీదే కన్ను వేసి ఉంచండి. అంకె ఒక్కసారిగా పడి, ఇంజిన్ అందుకోగానే పైకి లేస్తుంది. పడినప్పుడు 9.6 కంటే కిందికి పోతుంటే, అది కూడా నిండుగా ఛార్జ్ చేసిన తర్వాత, అప్పుడు బ్యాటరీ మీద అనుమానపడాలి. ఇంజిన్ నడుస్తున్నప్పుడు 13.8 నుంచి 14.7 మధ్య రావాలి. కొత్త కార్లలో కంప్యూటరే దీన్ని తగ్గిస్తూ పెంచుతూ ఉంటుంది కాబట్టి ఒక్కసారి తక్కువ కనిపించిందని కంగారు పడక్కర్లేదు. కానీ ఎంతసేపు చూసినా 12లోనే ఉంటే ఆల్టర్నేటరో, బెల్టో చూపించుకోవాలి, ఎంత ప్రీమియం బ్యాటరీ వేసినా నాలుగు రోజుల్లో మళ్లీ డౌన్ అవుతుంది. టెర్మినల్ మీద తెల్లగా, నీలంగా పొడి పేరుకుని క్లాంపు వదులైపోయినా అచ్చం బ్యాటరీ పోయినట్టే ఉంటుంది. దాన్ని శుభ్రం చేసి బిగిస్తే సరిపోయిన కార్లు ఎన్నో. శుభ్రం చేసేటప్పుడు ముందు మైనస్ తీయాలి, చివర్లో మైనస్ పెట్టాలి.

కొనేటప్పుడు తయారీ తేదీ చూడాలి, షెల్ఫ్ మీద కూర్చున్న బ్యాటరీ కూడా నెమ్మదిగా ఖాళీ అవుతుంది, అలా ఉండిపోతే సల్ఫేట్ అక్కడే మొదలవుతుంది. ఆరు నెలలు దాటినదైతే ముందు వోల్టేజీ కొలిచి చూపించమనండి. సైజు, టెర్మినళ్లు ఏ వైపు ఉన్నాయి, ట్రేలో గట్టిగా బిగుస్తుందా, బానెట్ మూస్తే ప్లస్‌కు తగులుతుందా, ఇవన్నీ చూసుకోవాలి. వదులుగా కూర్చున్న బ్యాటరీ కుదుపులకే సగం ఆయుష్షు పోగొట్టుకుంటుంది. వారంటీ చదివేటప్పుడు, అందులో ఉచితంగా మార్చి ఇచ్చే కాలం ఎంత, ధరలో కొంత మాత్రమే తగ్గించే కాలం ఎంత అన్నది విడివిడిగా అడగాలి, ఆ రెండూ కలిపి ఒకే పెద్ద అంకెగా ముద్రిస్తారు. మీ పట్టికలోనూ అలాగే పడింది.

ఎలక్ట్రిక్ కారు కొన్నవాళ్లు ఇదంతా మనకెందుకని పేజీ తిప్పేయకూడదు. చాలావాటిలో పెద్ద బ్యాటరీతో పాటు 12 వోల్టుల చిన్న బ్యాటరీ విడిగా ఉంటుంది, అది పడిపోతే పెద్దది నిండుగా ఉన్నా కారు మేల్కోదు.

నా మనవి ఒక్కటే. ఈసారి ఆ పట్టిక మళ్లీ వేసినప్పుడు స్టార్లు తీసేసి, ఒక్కో బ్యాటరీ పక్కన అది ఏ రకం, సీసీఏ ఏ పద్ధతిలో కొలిచారు, ఉచిత వారంటీ ఎంతవరకు, తక్కువ దూరాల డ్రైవింగ్‌కు పనికొస్తుందా, స్టార్ట్-స్టాప్‌కు పనికొస్తుందా అన్న గడులు పెట్టండి. పాత బ్యాటరీలో సీసం, యాసిడ్ ఉంటాయి కాబట్టి దాన్ని అమ్మినచోటే తిరిగి ఇచ్చేయాలన్న మాట కూడా పట్టిక కిందే వేయండి.

ఇట్లు,
మీ పాఠకుడు