కాలనీ సంక్షేమ సంఘం, కావలి: ఈ ఏడాది నివేదిక

సభ్యులందరికీ నమస్కారం. కాలవ పూడిక తీయించాం, మాడిపోయిన వీధిలైట్లు మార్పించాం, జమాఖర్చుల కాయితం నోటీసు బోర్డుకు అంటించాం, చూసుకోండి. ఈసారి ఎక్కువ రాయాల్సింది బోరు మోటారు దొంగతనం పోయిన సంగతి, అంతకంటే దాని తర్వాత మన వాట్సాప్ గ్రూపులో నడిచిన సంగతి.

ఎవరూ ఏమీ చూడకుండానే ఆ పూటే కాలనీ చివర ఉండే ఎరుకల కుటుంబాల మీద పడ్డారు. "వాళ్ళు కాక ఇంకెవరు?" అని ఒకరంటే మిగతావాళ్ళు వరసగా బొటనవేళ్ళు పెట్టారు. పోలీసులకు కంప్లయింట్ ఇచ్చాం, దొంగ ఇంతవరకూ దొరకలేదు. అంతకుముందు సైకిల్ ఎత్తుకెళ్ళింది మన వీధి కుర్రాడేనని తేలినప్పుడు మాత్రం "పాపం, చెడు సావాసం" అని సర్దుకున్నాం, ఆ కుర్రాడి కులం ఎవరూ ఎత్తలేదు.

ఎందుకిట్టా అని మాట్లాడుకోడానికి ఒక ఆదివారం కూర్చున్నాం. సైకాలజీ చెప్పే మన సభ్యురాలు 1976లో అమెరికాలో హామిల్టన్, గిఫర్డ్ చేసిన ప్రయోగం గురించి చెప్పారు. ఏ, బీ అని ఊరికే పేరు పెట్టిన రెండు గుంపులు, ఏ వాళ్ళ గురించి 26 వాక్యాలు, బీ వాళ్ళ గురించి 13. మంచీ చెడూ పాళ్ళు మాత్రం రెండిట్లోనూ ఒకటే: అటు 18 మంచి, 8 చెడు, ఇటు 9, 4. అయినా చదివినవాళ్ళు బీ వాళ్ళ చెడ్డపనులను ఉన్నవాటికంటే ఎక్కువగా లెక్కేశారు. అరుదుగా కనబడే మనుషులు, అరుదుగా జరిగే పని, రెండూ ఒకచోట కలిస్తే ఆ జత మనసులో అతుక్కుపోతుందట. అక్కడ కులం లేదు, పాతపగ లేదు, ఉత్త అక్షరాలు!

"నిప్పు లేనిదే పొగ రాదు కదమ్మా" అన్నారు ఒక పెద్దాయన. నిప్పు ఎవరు పెట్టారో కూడా చూడాలి. కొన్ని తెగలకు పుట్టుకతోనే నేరస్తులని ముద్రవేసిన 1871 నాటి బ్రిటిష్ నేరస్త తెగల చట్టం 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చింది, ఎరుకలను అందులో చేర్చారు, వాళ్ళను కట్టడిలో ఉంచిన సెటిల్‌మెంటు ఒకటి ఈ కావలిలోనే ఉండేది. ఆ చట్టం 1952లో రద్దయింది. కానీ ఎవరిమీద నిఘా ఉంటే కేసులు వాళ్ళమీదే దొరుకుతాయి, ఆ కేసులు చూపించి మళ్ళీ నిఘా పెంచుతారు, మోటారు పోగానే మనం చేసిందీ అదే.

ఇకపై గ్రూపులో అనుమానం రాసేవాళ్ళు కళ్ళారా చూసిందేంటి, ఎన్నింటికి అన్నది మాత్రమే రాయాలి, కులం పేరో మతం పేరో పెడితే అడ్మిన్ తీసేస్తారు. దీనికి అలిగి కొందరు గ్రూపులోంచి వెళ్ళిపోయారు, వెళ్ళనీండి.

సంక్రాంతి ముగ్గుల పోటీకి ఆ కుటుంబాలను పిలిచాం, వచ్చారు, ఓ పక్కన నిలబడి చూసి వెళ్ళారు. అతిథుల్లా పిలిస్తే అంతే మరి. కలిసి మెలిగితే దురభిప్రాయం తగ్గుతుందని 1954లో రాసిన అమెరికా సైకాలజిస్టు ఆల్‌పోర్ట్ కూడా, ఇద్దరికీ సమాన హోదా ఉండాలి, ఇద్దరిదీ ఒకే పని కావాలి అని షరతు పెట్టాడు. మన నిబంధనల ప్రకారం సొంతిల్లు ఉంటేనే సభ్యత్వం. దాన్ని మార్చి, ఇదే బోరు నీళ్ళు పట్టుకునే ఆ కుటుంబాలకూ అదే చందా, అదే ఓటు ఇవ్వాలని కమిటీ ప్రతిపాదిస్తోంది. ఉగాది తర్వాత వచ్చే ఆదివారం సర్వసభ్య సమావేశంలో ఓటింగ్. మూడింట రెండొంతుల మంది ఒప్పుకోవాలి, ఫోన్లో చెప్తే కుదరదు, మనిషి రావాలి. కొత్త మోటారు కొటేషన్లు కూడా ఆరోజే చూద్దాం.

ఇట్లు, కార్యదర్శి