నా నోటుబుక్కు చదివిన అక్కకు

నిన్న సాయంత్రం జిమ్‌లో 60 కిలోలతో స్క్వాట్, అంటే భుజాల మీద బరువు పెట్టుకుని గుంజీలు తీసినట్టు కూర్చుని లేవడం, చేశాను. ఐదేసి చొప్పున మూడు సెట్లు, ఒక్కటి కూడా తప్పలేదు. వెంటనే జిమ్‌లో పరిచయమైన అక్కకు ఫోన్ చేశాను కానీ గొంతు పూడుకుపోయి సరిగ్గా ఏమీ చెప్పలేకపోయాను. అందుకే ఇక్కడ, అందరి ముందూ చెప్పుకుంటున్నాను.

నాకు 41 ఏళ్లు. నాలుగు నెలల కిందటి వరకు వారానికి ఆరు రోజులు జిమ్‌కి వెళ్లేదాన్ని, ఒక్కరోజు కూడా మానేదాన్ని కాదు. అయినా ఎనిమిది నెలలపాటు స్క్వాట్ 40 కిలోల దగ్గరే ఆగిపోయింది. రెండు వారాలకోసారి కొత్త ప్రోగ్రాం మొదలుపెట్టడం, అది పనిచేయట్లేదని ఇంకోటి పట్టుకోవడం. వయసైపోయిందేమోనని దిగులు పట్టుకుంది. ఒకరోజు ఉండబట్టలేక, అక్కడే వ్యాయామం చేసుకునే అక్కను అడిగేశాను. ఆవిడ వెంటనే సలహా ఏమీ ఇవ్వలేదు. "రాసుకుంటున్నావా? ఆ నోటుబుక్కు ఇలా ఇవ్వు" అన్నారు.

తన వ్యాయామం ఆపుకుని, బెంచీ మీద కూర్చుని అరగంట చదివారు. చేతిలో చిన్న పెన్సిల్. తొమ్మిది వ్యాయామాల్లో నాలుగు కొట్టేసి స్క్వాట్, డెడ్‌లిఫ్ట్, బెంచ్ ప్రెస్, ఓవర్‌హెడ్ ప్రెస్, రోయింగ్ మాత్రం ఉంచారు. ఆరు రోజులు మూడయ్యాయి. స్క్వాట్ 30 కిలోలకు తగ్గించి, వారానికి 2.5 కిలోలు, అంటే బార్‌కి అటూ ఇటూ 1.25 కిలోల ప్లేటు ఒక్కొక్కటి చొప్పున పెంచమన్నారు. వెనక్కి వెళ్లాలంటే మనసొప్పలేదు. అప్పుడు ఆవిడ 1940ల్లో థామస్ డెలోర్మ్ అనే అమెరికన్ డాక్టరు గాయపడిన సైనికులకు బరువులతో ఎలా వైద్యం చేశాడో చెప్పారు. పదిసార్లు ఎత్తగలిగే బరువులో ముందు సగం, తర్వాత ముప్పావు, ఆ తర్వాత పూర్తి బరువు ఎత్తించేవాడట. బలం పెరిగేకొద్దీ ఆ బరువునూ పెంచుకుంటూ పోయేవాడట. తేలికగా మొదలుపెట్టడమంటే ఓడిపోవడం కాదని నాకు అప్పుడే అర్థమైంది.

సెట్టుకీ సెట్టుకీ మధ్య నేను నిమిషం కూడా ఆగేదాన్ని కాదు. మూడు నిమిషాలు ఆగమని తన చేతి వాచీ తీసి నా చేతిలో పెట్టారు. ప్రతి సెట్టు చివర "ఇంకా ఎన్ని చేయగలిగేదానివి?" అన్నదానికి జవాబు కూడా రాయమన్నారు. నా మటుకు నాకు అన్నిటికంటే ఎక్కువ ఉపయోగపడింది ఆ ఒక్క అంకే. రెండు అని రాస్తే బరువు పెంచేదాన్ని. సున్నా అని రాస్తే ఆగి ఆలోచించేదాన్ని.

పదకొండో వారం 55 దగ్గర మూడో సెట్టులో మూడింటికే కూలబడ్డాను. రెండు రోజులాగి మళ్లీ చేసినా అంతే. ఏడుపొచ్చింది. అక్క మళ్లీ నోటుబుక్కే తెరిచారు. మార్జిన్‌లో నిద్ర గంటలు రాయించింది కూడా ఆవిడే. ఆ వారమంతా ఐదు, ఐదు, నాలుగున్నర. ఆఫీసు టెన్షన్‌తో నిద్రే లేదు. "కాళ్లలో లోపం లేదమ్మా, నిద్రలో ఉంది" అన్నారు. పదో వంతు తగ్గించి 50తో మళ్లీ మొదలుపెట్టించారు. పదహారో వారానికి 60.

ఈ నాలుగు నెలలూ పక్క నుంచి వీడియోలు తీసి, తుంటి కిందికి దిగట్లేదని ప్రతిసారీ ఓపిగ్గా చూపించిన తమ్ముడికీ, ఆ మూడు సాయంత్రాలూ ఇంటి పని తన మీద వేసుకున్న మా ఆయనకూ ఎంతో రుణపడి ఉన్నాను.

అక్కా, మీ సొంత సమయంలోంచి ఆ అరగంట తీసి నాకిచ్చారు. సలహా చెప్పేవాళ్లు నాకు చాలామందే దొరికారు. నేను రాసుకున్నది కూర్చుని చదివింది మీరొక్కరే. నోటుబుక్కులో ఆఖరి పేజీ నిన్నటితో అయిపోయింది, కొత్తది కొన్నాను. మీ వాచీ ఇంకా నా బ్యాగులోనే ఉంది. సోమవారం రెండూ తీసుకొస్తాను, మొదటి పేజీ మీ పెన్సిల్‌తోనే మొదలవ్వాలి.