మొహం కడుక్కోవడం గురించి తల్లిదండ్రులకు

గౌరవనీయులైన తల్లిదండ్రులకు నమస్కారములు.

పోయిన వారం ఆటల పిరియడ్ ముగిశాక, కొళాయిల దగ్గర తొమ్మిదో తరగతి అబ్బాయి ఒకడు బట్టల సబ్బు ముక్కతో రెండు చెంపలూ గట్టిగా రుద్దుకుంటూ కనిపించాడు. దగ్గరికి వెళ్లి చూస్తే చర్మం కందిపోయి, ముక్కు పక్కన మొటిమ ఒకటి చిదిగి నెత్తురు వస్తోంది. ఎందుకు నాయనా ఇంత గట్టిగా రుద్దుతున్నావని అడిగితే, "మొహం సరిగ్గా కడుక్కోనందుకే ఇవి వస్తాయంట మేడమ్, ఇంట్లో అందరూ అంటా ఉండారు" అని తల వంచుకుని చెప్పాడు. ఆ మాట విన్నప్పటి నుండి నా మనసు కుదురుగా లేదు. అందుకే ఈ నెల పరీక్షల సంగతి పక్కన పెట్టి దీని గురించే రాస్తున్నాను.

మొటిమలు మురికి వల్ల వచ్చేవి కావు. యుక్తవయసు మొదలయ్యేసరికి హార్మోన్ల ప్రభావంతో చర్మంలోని నూనె గ్రంథులు పెద్దవై, ఎక్కువ జిడ్డును తయారు చేస్తాయి. ఆ జిడ్డు మృతకణాలతో కలిసి రోమకూపాలకు అడ్డుపడితే, అక్కడ సహజంగానే ఉండే బ్యాక్టీరియా పెరిగి వాపు వస్తుంది. ఇదంతా చర్మం లోపల జరిగే పని కాబట్టి పైన ఎంత తోమినా ఆగదు సరికదా, తోమేకొద్దీ వాపు ఎక్కువై, మన చామనఛాయ చర్మం మీద నెలల తరబడి పోని నల్లమచ్చలు మిగులుతాయి. మొటిమలున్న బిడ్డను శుభ్రత లేదని మందలించడం అన్యాయం. బంధువుల ముందు ఆ మాట పడిన పిల్లలు మరునాడు తరగతిలో చెంపకు చేయి అడ్డం పెట్టుకుని కూర్చోవడం నేను చూస్తూనే ఉన్నాను.

అయినా మొహం కడగాలి. రోజంతా పేరుకున్న జిడ్డు, చెమట, దుమ్ము పోవాలి కదా. ఉదయం ఒకసారి, రాత్రి పడుకునే ముందు ఒకసారి, చెమట పట్టేలా ఆడిన రోజు ఇంకొకసారి కడిగితే చాలు. ముందు చేతులు కడుక్కుని, మామూలు నీళ్లతో గానీ గోరువెచ్చని నీళ్లతో గానీ మొహం తడిపి, ఘాటైన వాసన లేని మృదువైన ఫేస్‌వాష్‌ను కొద్దిగా తీసుకుని, నుదుటి నుండి దవడల అంచు వరకు వేళ్ల కొనలతో నెమ్మదిగా రాసి, జిగట మిగలకుండా కడిగేయాలి. తరువాత మెత్తటి తువ్వాలుతో రుద్దకుండా అద్దుకోవాలి. ఆ తువ్వాలు బిడ్డకు విడిగా ఉండాలి. మొహానికి ఒంటి సబ్బు వద్దు. ఎందుకంటే, ఆమ్లగుణమో క్షారగుణమో తెలిపే కొలత అయిన పి.హెచ్. మన చర్మానికి సుమారు 5 ఉంటే మామూలు సబ్బుకు 9 నుండి 10 వరకు ఉంటుంది, ఆ క్షారగుణం చర్మాన్ని పొడిబారుస్తుంది. బకెట్టు అంచున తెల్లగా చార కట్టే బోరు నీళ్లు వాడే ఇళ్లలో ఆ సబ్బు నురగ రాక, తెట్టులా చర్మాన్ని అంటుకుని మరింత పొడిబారుస్తుంది.

పండగనాడు నలుగు పెట్టి తలంటు పోయడం మన ముచ్చట, దాన్ని నేను కాదనను. కానీ మొటిమల మీద బరక సున్నిపిండి, నిమ్మరసం, టూత్‌పేస్టు పెట్టకండి. నుదుటి మీద నామమో, గంధమో, బొట్టో పెట్టుకునే పిల్లలు రాత్రి దాన్ని కడిగేసి పడుకోవాలి. తలకు రాసిన కొబ్బరినూనె నుదుటి మీదికి జారకుండా చూడాలి.

అన్నిటికన్నా నాకు భయం కలిగించేది మందుల షాపులో అడిగి తెచ్చుకునే "తెల్లబడే" క్రీములు. ఇంట్లో ఉన్న ట్యూబు మీద బీటామెథసోన్, క్లోబెటసాల్ అన్న పేర్లు ఉన్నాయేమో దయచేసి చదవండి. అవి స్టెరాయిడ్లు. మొదట్లో మొహం నునుపుగా కనిపించినా, వాడే కొద్దీ చర్మం పలచబడి, ఎర్రబడి, మొటిమలు మరింత విజృంభిస్తాయి. ఇటువంటి క్రీములను డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని కేంద్ర ప్రభుత్వం 2018లోనే నిబంధన తెచ్చింది. ఇప్పటికే చాలాకాలంగా వాడుతున్న బిడ్డ ఉంటే, ఉన్నపళంగా ఆపినా మొహం భగ్గుమంటుంది కాబట్టి ముందు డాక్టరుకు చూపించండి.

నొప్పితో గడ్డల్లా లేచినా, గుంటలు పడుతున్నా కడుక్కోవడంతో సరిపెట్టక చర్మవ్యాధుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి. ఖర్చుకు వెనుకాడేవారికి మన రుయా ప్రభుత్వ ఆసుపత్రి ఉంది. మందు పని చేయడానికి ఆరు నుండి ఎనిమిది వారాలు పడుతుంది. పది రోజులకే గుణం లేదని మానిపించకండి.

బడిలో కొళాయిల దగ్గర ఉన్న బట్టల సబ్బు ముక్కలను తీయించాను. వచ్చే సోమవారం నుండి ఆటల పిరియడ్ తరువాత మొహం కడుక్కోవడానికి ఐదు నిమిషాలు విడిగా ఇస్తున్నాము. అప్పుడు వట్టి నీళ్లు చాలు. ప్రతి బిడ్డ సంచిలోనూ చిన్న నూలు తువ్వాలు ఒకటి పెట్టి పంపి, సాయంత్రం దాన్ని ఉతికి ఎండలో ఆరవేయవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు,
తిరుపతి