అఫ్లాటాక్సిన్‌ను అడ్డుకునే వేరుశనగపై నిర్ణయం కావాలి

సంపాదకులకు నమస్కారం.

మా కుటుంబం తరతరాలుగా కదిరి ప్రాంతంలో వర్షాధారంగా వేరుశనగ వేస్తోంది. కాయలు ఎండాయో లేదో తెలుసుకోవడానికి మా నాన్నగారు నాలుగు కాయలు చెవి దగ్గర పెట్టుకుని ఆడించి, పప్పు గలగలమంటేనే మూటలు కట్టనిచ్చేవారు. అంత జాగ్రత్తపడే రైతు పంటలో కూడా అఫ్లాటాక్సిన్ అనే బూజు విషం ఉండవచ్చని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. కాయ ఊరే దశలో వాన ముఖం చాటేసి నేల వేడెక్కితే, ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అనే బూజు కాయ భూమిలో ఉండగానే లోపలికి చేరుతుంది. అప్పుడు కల్లంలో ఎంత బాగా ఎండబెట్టినా అప్పటికే పప్పులో చేరిన విషం పోదు. వేయించినా కొంత తగ్గుతుందే తప్ప పూర్తిగా పోదు. అనంతపురం, శ్రీ సత్యసాయి జిల్లాల్లో పంట చివర్లో బెట్ట రాని ఏడాది ఎంత అరుదో పాఠకులకు చెప్పనక్కరలేదు.

1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు చనిపోయినప్పుడు, మేతలో కలిపిన బ్రెజిల్ వేరుశనగ చెక్కే అందుకు కారణమని తేలింది. అఫ్లాటాక్సిన్ సంగతి లోకానికి తెలిసింది అలాగే. ఇది మనుషుల్లో కాలేయ క్యాన్సర్ కలిగిస్తుందని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ నిర్ధారించి మొదటి వర్గంలో చేర్చింది. యూరప్ దేశాలు నేరుగా తినే వేరుశనగలో కిలోకు 4 మైక్రోగ్రాములకు మించి దీన్ని అనుమతించవు. ఎగుమతి సరుకును ప్రయోగశాలలో పరీక్షిస్తారు సరే, సంతలో కొన్న పల్లీలకు ఆ పరీక్ష ఎవరు చేస్తారు? మన బడుల్లో, అంగన్‌వాడీల్లో చిక్కీ తినే పిల్లలకు కూడా అంతే రక్షణ దక్కాలి.

ఈ సమస్యకు ఒక బలమైన సమాధానం మన పటాన్‌చెరులోనే తయారైంది. అక్కడి అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు, అమెరికాలోని డాన్‌ఫోర్త్ మొక్కల పరిశోధన కేంద్రం వారు, మరికొందరు కలిసి చేసిన పరిశోధన ఫలితాలు 2018లో వెలువడ్డాయి. మొక్కలు బూజుల నుంచి తమను కాపాడుకోవడానికి డిఫెన్సిన్లు అనే చిన్న ప్రోటీన్లను స్వయంగా తయారు చేసుకుంటాయి. ముల్లంగి విత్తనం మొలకెత్తేటప్పుడు చుట్టూ ఉన్న మట్టిలోకి వీటినే వదులుతుంది. ఇవి బూజు కణం పైపొరలోని కొవ్వు పదార్థాలను పట్టుకుని దాని ఎదుగుదలను ఆపుతాయి. పశువులకు వేసే లూసర్న్ నుంచి ఒకటి, దాని దగ్గరి జాతి మొక్క నుంచి మరొకటి, ఇలా రెండు డిఫెన్సిన్ జన్యువులను వేరుశనగలో ప్రవేశపెట్టినప్పుడు బూజు పట్టడం బాగా తగ్గింది. అదే పరిశోధనలో, బూజు లోపల విషాన్ని తయారుచేసే రెండు జన్యువులను పనిచేయనీయకుండా ఆపే వేరుశనగ మొక్కలను కూడా రూపొందించారు. రెండు రకాల మొక్కల్లోనూ పలు వంశాల పప్పులో విషం నామమాత్రంగానే కనిపించింది. అంతకు పదేళ్ల ముందే, 2008లో, హైదరాబాద్ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు ఆవాల డిఫెన్సిన్‌తో తిక్క ఆకుమచ్చ తెగులును తట్టుకునే వేరుశనగను చూపించారు.

ఇన్నేళ్లయినా రైతు చేతికి ఇలాంటి విత్తనం ఒక్క గింజ అందలేదు. ఇలా వేరే జీవి జన్యువు చేర్చిన జన్యుమార్పిడి పంటల్లో మన దేశంలో సాగుకు నోచుకున్నది 2002లో వచ్చిన బీటీ పత్తి ఒక్కటే. 2010లో బీటీ వంకాయ ఆగిపోయింది. జన్యుమార్పిడి ఆవాల అనుమతి విషయంలో 2024 జూలైలో సుప్రీంకోర్టు న్యాయమూర్తులిద్దరూ భిన్నమైన తీర్పులిచ్చినా, జన్యుమార్పిడి పంటలపై కేంద్రం జాతీయ విధానం రూపొందించాలని మాత్రం ఇద్దరూ చెప్పారు. ఆ విధానంలో అన్ని పంటలనూ ఒకే గాట కట్టకూడదని నా విన్నపం. కలుపు మందును తట్టుకునే పంటకు వేసే ప్రశ్నలు వేరు, పప్పులో విషం చేరకుండా చూసే పంటకు వేయవలసిన ప్రశ్నలు వేరు.

ఆ ప్రశ్నలు గట్టిగానే వేయాలి. వేరుశనగ కొందరికి ప్రాణాంతకమైన ఎలర్జీ కలిగిస్తుంది. వేరుశనగలో సహజంగా ఉండే డిఫెన్సిన్లలో కొన్ని ఎలర్జీ కారకాల జాబితాలో ఉన్నాయి కూడా. కాబట్టి కొత్తగా చేర్చిన డిఫెన్సిన్లపై ఆ పరీక్షలు పూర్తిగా జరిపి, ఫలితాలను తెలుగులో సైతం ప్రజల ముందు పెట్టాలి. నేలలోని మేలు చేసే శిలీంద్రాలపై ప్రభావం ఉందేమో చూడాలి. ఇక విత్తనం మాట. వేరుశనగ చాలావరకు స్వపరాగ సంపర్కం గల పంట, అంటే తన పుప్పొడితోనే గింజ కడుతుంది. ఎకరాకు పదుల కిలోల విత్తనం పడుతుంది, రైతు తన పంటలోంచే విత్తనం దాచుకుంటాడు. ఏటా కొత్త విత్తనం అమ్ముకోవాలనుకునే కంపెనీ దీని జోలికి రావడం కష్టం. అందుకే ఈ పని ప్రభుత్వ పరిశోధన సంస్థల చేతిలోనే ఉండాలి, విత్తనం దాచుకునే రైతు హక్కు చెక్కుచెదరకూడదు.

ఈ విత్తనం వచ్చినా కాయలను తేమ 8-9 శాతానికి దిగేదాకా ఎండబెట్టడం, పుచ్చు, ముడుత గింజలు ఏరేయడం మానకూడదు. కానీ బెట్టకు భూమిలోనే చెడిపోయే కాయకు ఆ జాగ్రత్తలు చాలవు.

పొలంలో పరీక్షలకు రాష్ట్ర ప్రభుత్వ అనుమతి తప్పనిసరి. ఇలాంటి వేరుశనగకు కట్టుదిట్టమైన క్షేత్ర పరీక్షల కోసం దరఖాస్తు వస్తే, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాలు దాన్ని నానబెట్టకుండా ఆరు నెలల్లో తేల్చాలని, అనుమతించినా నిరాకరించినా కారణాలను బహిరంగంగా ప్రకటించాలని, నిర్ణయానికి ముందు కదిరి, అనంతపురం వంటి చోట్ల రైతులను పిలిచి వారి మాట వినాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక వేరుశనగ రైతు,
కదిరి, శ్రీ సత్యసాయి జిల్లా