కొత్త ల్యాప్‌టాప్‌లో అడగని సరుకు

సంపాదకులకు నమస్కారం.

కాలేజీల్లో అడ్మిషన్లు మొదలయ్యాయంటే బెంగళూరు ఎస్‌.పి. రోడ్డు దుకాణాల్లో తెలుగు బాగా వినబడుతుంది. అనంతపురం, చిత్తూరు వైపు నుంచి వచ్చిన తల్లిదండ్రులు పిల్లలకు ల్యాప్‌టాప్ కొనిచ్చి వెళ్తుంటారు. తెరిచి చూస్తే అందులో ఎవరూ అడగని యాంటీవైరస్ ట్రయల్, ఆటలు, కంపెనీ సొంత యాప్‌లు ముందే తిష్ట వేసి ఉంటాయి. ట్రయల్ గడువు తీరగానే ‘మీ కంప్యూటర్ ప్రమాదంలో ఉంది’ అంటూ డబ్బు కట్టమనే హెచ్చరికలు మొదలు. విండోస్‌తో పాటే డిఫెండర్ అనే యాంటీవైరస్ ఉచితంగా వస్తుందని తెలియనివాళ్లు టెన్షన్ పడి కట్టేస్తారు.

పోనీ రీసెట్ చేద్దామంటే, చాలా మోడళ్లలో అవే మళ్లీ వచ్చి కూర్చుంటాయి. రికవరీ కోసం డిస్కులో దాచిన భాగంలో కంపెనీ వాటినీ కలిపే పంపుతుంది మరి! మైక్రోసాఫ్ట్ సైటులో దొరికే మీడియా క్రియేషన్ టూల్‌తో 8 జీబీ పెన్‌డ్రైవ్ తయారు చేసుకుని విండోస్‌ను మొదటి నుంచి వేసుకోవడమే మేలు. లైసెన్స్ మళ్లీ కొనక్కర్లేదు. విండోస్ 8 కాలం నుంచి, విండోస్‌తో అమ్మే ల్యాప్‌టాప్‌లలో లైసెన్స్ కీ (కోడ్) మదర్‌బోర్డులోనే ఉంటోంది. అదే ఎడిషన్ (హోమ్ అయితే హోమ్, ప్రో అయితే ప్రో) వేస్తే నెట్ తగలగానే యాక్టివేట్ అవుతుంది. ఇది చెప్పకుండా ‘కొత్త కీ కావాలి సార్’ అని వసూలు చేసేవాళ్లతో జాగ్రత్త. ఫైళ్లు ముందే వేరేచోట దాచుకోవాలి. వైఫైని పనిచేయించే డ్రైవర్ సాఫ్ట్‌వేర్ కూడా దించి పెట్టుకోవాలి, లేకపోతే కొత్త విండోస్‌కు నెట్టే అందకపోవచ్చు.

ఇదంతా కొన్నవాడు ఎందుకు పడాలన్నదే నా ప్రశ్న. ఇది ఒట్టి చిరాకుతో పోయే సంగతీ కాదు. 2014లో లెనోవో కొన్ని ల్యాప్‌టాప్‌లలో సూపర్‌ఫిష్ అనే ప్రకటనల సాఫ్ట్‌వేర్ పెట్టి అమ్మింది. అది బ్యాంకు సైట్లతో సహా సురక్షిత కనెక్షన్ల మధ్యలోకి దూరి చదవగలిగేది. 2017లో ఆ కంపెనీ అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌తో రాజీకి వచ్చి, ఇకపై అలాంటివి వినియోగదారుడి అనుమతి లేకుండా పెట్టకూడదన్న ఆదేశానికి ఒప్పుకుంది.

మన దగ్గరా 2023లో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ ‘డార్క్ ప్యాటర్న్స్’ మీద, అంటే వినియోగదారుణ్ని తెర మీద మాయచేసే ఎత్తుగడల మీద, మార్గదర్శకాలు తెచ్చింది. లేని వైరస్ ఉందని భయపెట్టి డబ్బు గుంజడం, పదేపదే అడిగి విసిగించడం కూడా ఆ 13 రకాల్లో ఉన్నాయి. కొత్త ల్యాప్‌టాప్‌లో కనిపించే ఈ బెదిరింపు హెచ్చరికలను కూడా ఆ సంస్థ వాటి కింద పరిశీలించాలి. ముందే వేసిన సాఫ్ట్‌వేర్ జాబితాను పెట్టె మీద ముద్రించాలి. మొదటిసారి ఆన్ చేసినప్పుడే ‘విండోస్ మాత్రమే చాలు’ అనే ఎంపిక ఇవ్వాలి. రికవరీలోనూ అదే ఎంపిక ఉండాలి. ఈలోగా ఇలాంటి వసూళ్లకు గురైనవారు బిల్లు దగ్గర పెట్టుకుని జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేయవచ్చు.

— ఒక పాఠకుడు, మారతహళ్లి, బెంగళూరు