ఉర్నర్‌బోడెన్ కొండల నుంచి అమ్మమ్మకు

ఉర్నర్‌బోడెన్, స్విట్జర్లాండ్
ఆగస్టు 3

అమ్మమ్మకు,

నేనిక్కడ క్షేమం. నువ్వూ, మామయ్యా, అత్తయ్యా, పిల్లలూ క్షేమమని తలుస్తాను.

ఫోన్‌లో నీకు సరిగ్గా వినపడదు. నాలుగు మాటలయ్యేసరికి ఫోన్ మామయ్య చేతికిచ్చేస్తావు. అందుకే ఈ ఉత్తరం. కళ్లజోడు పెట్టుకుని నువ్వే చదువుకునేట్టు పెద్ద పెద్ద అక్షరాలతో రాస్తున్నాను, ఎవరిచేతా చదివించుకోకు. పోయిన ఆదివారం మామయ్య చెప్పాడు, నీ మోకాళ్లు మరీ పట్టేస్తున్నాయని, వినాయక చవితి వెళ్లాక గంగని అమ్మేద్దామనుకుంటున్నారని. చూడి గేదె కాబట్టి మంచి ధర వస్తుందట. ఆ మాట విన్నప్పటి నుంచి నా మనసు మనసులో లేదు. దాని గురించే రాద్దామని కూర్చున్నాను. కానీ నేనిప్పుడు ఎక్కడున్నానో, ఏం చూశానో ముందు చెప్పకపోతే నా మాట నీకు ఎక్కదు.

జ్యూరిచ్‌లో పిల్లలకి వేసవి సెలవులు. నేనుంటున్న ఇంటివాళ్లు రెండు వారాలకి కొండల్లో ఒక చెక్క ఇల్లు అద్దెకు తీసుకుని నన్నూ వెంట తీసుకొచ్చారు. నేను బయల్దేరేటప్పుడు వీధిలో వాళ్లు ‘డిగ్రీ చదివి పరాయి దేశంలో ఆయా పనికా’ అన్నారని నువ్వు రెండ్రోజులు అన్నం సరిగ్గా తినలేదు. అది నాకు ఇంకా గుచ్చుకుంటూనే ఉంది. ఓపెయిర్ అంటే ఆయా కాదమ్మమ్మా. ఇంట్లో మనిషిలా ఉండి పిల్లల్ని చూసుకుంటూ ఆ దేశం భాష నేర్చుకోవడం. మన దేశం నుంచి వచ్చే పిల్లకి 18 నిండి 25 దాటకూడదు, 12 నెలలకు మించి ఉండనివ్వరు, వారానికి 30 గంటలకు మించి పని చెప్పకూడదు, జర్మన్ క్లాసుకు పంపి తీరాలి. వాళ్లు తినే బల్ల దగ్గరే నేనూ తింటాను. పాపకి ఎనిమిదేళ్లు, బాబుకి అయిదు. బాబు నిద్రొస్తే నా ఒళ్లోకే వస్తాడు.

జ్యూరిచ్ నుంచి లింథాల్ దాకా రైల్లో వచ్చాం. అక్కడితో పట్టాలు అయిపోతాయి. తర్వాత పసుపుపచ్చ పోస్టు బస్సు. దారంతా గుండ్రంగా తిరుగుతూ పైకి ఎక్కుతుంది. ఎదుటి బండి కనపడని మలుపుల్లో డ్రైవరు హారన్ కొడితే సన్నాయి మీద మూడు స్వరాలు పలికినట్టుంటుంది. నాకు మాత్రం కడుపులో తిప్పి, కళ్లు మూసుకుని కూర్చున్నాను. పాప నా చెయ్యి పట్టుకుని ‘అయిపోయింది, అయిపోయింది’ అంటూనే ఉంది. నేను చూసుకోవాల్సిన పిల్ల నన్ను చూసుకుంది. కళ్లు తెరిచేసరికి రెండు పక్కలా నిట్టనిలువు రాతిగోడలు, నడుమ బల్లపరుపుగా పచ్చిక, దాని నిండా ఆవుల గంటల చప్పుడు.

ఇది సముద్రమట్టానికి 1,372 మీటర్ల ఎత్తు. ఎదురుగా క్లారిడెన్ అని 3,267 మీటర్ల కొండ ఉంది, ఆగస్టులో కూడా దాని నెత్తిన మంచు తెల్లగా ఉంది. ఈ రాష్ట్రం పేరు నువ్వు నమ్మవు, ‘ఊరి’. బోర్డు మీద చదివి, మన ఊరి సంగతి ఎవరో ఎత్తినట్టయి కళ్లు చెమర్చాయి. వీళ్ల జెండా పసుపుపచ్చ. దాని మీద నల్లటి ఎద్దు తల, ముక్కుకు ఎర్ర రింగు. ఎద్దుని జెండాకెత్తుకున్న జనం మధ్యకి వచ్చాను అమ్మమ్మా.

పాప చెప్పిన కథ ఒకటి నీకు నచ్చుతుంది. పూర్వం ఈ ఊరి రాష్ట్రంవాళ్లకీ పక్కనున్న గ్లారస్ రాష్ట్రంవాళ్లకీ పొలిమేర తగాదా. తొలికోడి కూయగానే రెండు వైపుల నుంచీ ఒక్కో మనిషి పరుగెత్తాలి, ఎక్కడ ఎదురుపడితే అదే పొలిమేర అని ఒప్పందం. గ్లారస్‌వాళ్లు కోడి సంతోషంగా కూస్తుందని దానికి మేపిందే మేపారు. ఊరివాళ్లు పస్తు పెట్టారు. ఆకలి కోడి చీకటితోనే కూసింది, కడుపు నిండిన కోడి తెల్లారాక కూడా నిద్రలేవలేదు. గ్లారస్ మనిషి ఆలస్యంగా బయల్దేరి చూస్తే ఊరి మనిషి కొండ దాటి దిగిపోయి వస్తున్నాడు. కాళ్లావేళ్లా పడితే, ‘నన్ను భుజాన వేసుకుని ఎంత దూరం ఎక్కుతావో అంత నేల నీది’ అన్నాడట ఊరి మనిషి. గ్లారస్ మనిషి అతన్ని మోస్తూ ఎక్కి ఎక్కి అక్కడే ప్రాణం విడిచాడు. ఇక్కడి వాగు గ్లారస్ వైపే పారుతుంది, నేల మాత్రం ఊరిది. బాబు కథ వినేటప్పుడల్లా పస్తున్న కోడి దగ్గరే ఏడుస్తాడు.

ఇంత పెద్ద మేత నేల స్విట్జర్లాండ్‌లో ఇంకోటి లేదట. వేసవిలో వెయ్యికి పైగా ఆవులు మేస్తాయి. ఇది ఏ ఒక్కరి సొత్తూ కాదు, ఉమ్మడి. చలికాలమంతా తన సొంత గడ్డితో ఎన్నిటిని సాకగలడో అన్నిటినే వేసవిలో ఉమ్మడి కొండకి తోలాలనే కట్టుబాటు ఈ దేశంలో చాలా కొండ ఊళ్లలో ఉండేదట. మన ఊళ్లోనూ చెరువు వెనకాల పశువుల బీడు ఉండేదని, అది ముక్కలు ముక్కలుగా పోయిందని నువ్వు చెప్పేదానివి. ఇక్కడ అది ఇంకా ఉంది. ఇది చూసినప్పుడు నువ్వు నా పక్కన ఉంటే బాగుండుననిపించింది.

మూడో రోజు ఒక తప్పు చేశాను. నడిచే దారి పక్కనే తల్లి ఆవుని ఆనుకుని దూడ పడుకుని ఉంది. పశువుల్లో పెరిగినదాన్ని కదా, నేరుగా వెళ్లి దూడ నుదురు నిమరబోయాను. ఇంటాయన ‘ఆగు!’ అని పిల్లల ముందే గట్టిగా అరిచాడు. ఏడుపొచ్చేసింది. తర్వాత ఆయనే పక్కన కూర్చుని చెప్పాడు. దూడతో ఉన్న తల్లి ఆవులు కొండదారిన పోయేవాళ్లని కుమ్మిన సంఘటనలు జరిగాయట. దూరంగా నడవండి, దూడని ముట్టుకోకండి, కుక్క ఉంటే తాడుతో పట్టుకోండి అని దారిలో బోర్డులు కూడా ఉన్నాయి. గంగ ఈనిన కొత్తలో మామయ్యనే పాకలోకి రానివ్వని సంగతి అప్పుడు గుర్తొచ్చింది. ఆయన అరిచింది మంచికే.

జూన్‌లో ఆవులు కింద మేస్తాయి. జూలైలో ఇంకా పైకి తోలుకుపోయి, వేసవి చివర మళ్లీ దింపుతారు. మేము పైనున్న ఒక పాకకి రెండున్నర గంటలు ఎక్కి వెళ్లాం. అక్కడ సిగ్నల్ ఉండదు. ఒక పెద్దావిడ, ఆవిడ భర్త, జీతానికి కుదిరిన కుర్రాడు, ముప్పై ఆవులు. వేసవంతా వాళ్ల కాపురం అక్కడే. పాలు మిషన్‌తో తీస్తారు. ఒక ముసలి ఆవు మాత్రం మిషన్ పెడితే తన్నుతుందని దాన్ని ఇప్పటికీ చేత్తోనే పితుకుతుంది ఆవిడ. నేను చూస్తూ చూస్తూ ఉండలేక, నాకూ వచ్చని వచ్చీరాని జర్మన్‌లో చెప్పాను. ఆవిడ నన్ను కాళ్ల నుంచి తల దాకా చూసి పీట విప్పి ఇచ్చింది.

విప్పి ఎందుకన్నానంటే, ఆ పీటకి ఒకటే కాలు. తోలు బెల్టుతో నడుముకి కట్టుకుంటారు. లేచి ఇంకో ఆవు దగ్గరికి నడిస్తే పీట కూడా వెంట వస్తుంది. దూడని విడవకుండా ఆవు ఎలా చేపుతుందని నువ్వడుగుతావు, నాకూ అదే అనుమానం. ఆవిడ గోరువెచ్చటి తడిగుడ్డతో పొదుగు తుడిచి, అరచేత్తో మెల్లగా నిమిరింది. కాసేపటికి చన్నులు నిండి బిగుసుకున్నాయి, చేపింది. నేను నువ్వు నేర్పినట్టే బొటనవేలు లోపలికి మడిచి లాగబోతే ఆవిడ నా చెయ్యి పట్టుకుని ఆపింది. అలా మడిస్తే చన్ను నొప్పి పుడుతుందట. చన్నుని పిడికిట్లో పట్టుకుని పైవేలు నుంచి కిందివేలు దాకా ఒక్కొక్కటే బిగించాలని చూపించింది. నాలుగుసార్లు తప్పి అయిదోసారి ధార వచ్చింది. ఖాళీ బకెట్ అడుగున తొలిధార పడిన చప్పుడు వినగానే నాకు మన పాక, కుడితి వాసన, తెల్లవారుజామున నీ దగ్గు, అన్నీ ఒక్కసారే గుర్తొచ్చాయి. ఆవు పొట్టకి నుదురానించి కాసేపు అలాగే ఉండిపోయాను. ఎవరు నేర్పారని ఇంటావిడ అడిగితే అమ్మమ్మ అన్నాను. పాప అప్పటి నుంచి నన్ను వేరేగా చూస్తోంది, నేను చెప్పినమాట రెట్టించకుండా వింటోంది.

మన పుస్తకాల్లో చీజ్‌ని జున్ను అని రాస్తారు గానీ, అది మన ముర్రుపాల జున్ను కానే కాదు. పెద్ద రాగి కాగులో పాలు గోరువెచ్చగా చేసి తోడులాంటిది వేస్తారు. అది దూడ పొట్టలోంచి తీసేది, చదివి నొచ్చుకోకు. అరగంటకి పాలు గడ్డకడతాయి. వీణ తీగల్లా వరసగా తీగలు బిగించిన చట్రంతో ఆ గడ్డని గింజల్లా కోస్తారు. మళ్లీ వేడి చేస్తూ కలుపుతూ ఉంటే, ఆవిడ మధ్యమధ్యలో గుప్పెడు తీసి పిసికి, చెయ్యి విప్పి చూస్తుంది. ముద్ద చేతిలో విడిపోతే ఇంకా వేడి తగలాలి, నిలబడితే అయింది. నువ్వు పాకం చూసేది ఇలాగే కదా! అప్పుడు గుడ్డ అడుగుదాకా దింపి మొత్తాన్ని మూటగా పైకెత్తి, తేట కారనిచ్చి, బరువు కింద పెడతారు. కిలో చీజ్‌కి సుమారు 10 లీటర్ల పాలు కావాలి. తేట పందులకి పోస్తారు. తర్వాత నేలమాళిగలో బల్లల మీద పేర్చి ఉప్పునీళ్లతో తుడుస్తూ తిప్పుతూ ఉండాలి. మా పాల కేంద్రంలో వెన్న శాతం చూసి డబ్బులిస్తారని, మన గేదెపాలకి ఏడు దాకా వస్తుందని చెబితే ఆవిడ నమ్మలేనట్టు మళ్లీ అడిగింది. వాళ్ల ఆవులది నాలుగు.

ఆ రాత్రి అక్కడే గడ్డి పరుపుల మీద పడుకున్నాం. పొద్దు వాలాక పెద్దాయన బయటికొచ్చి, పాలు పోసే చెక్క గరాటుని నోటికి పెట్టుకుని లోయలోకి గొంతెత్తి పాడాడు. పాట కాదు, ప్రార్థన. దేవుణ్ణీ మరియమ్మనీ పునీతులనీ పేరుపేరునా పిలిచి మనుషుల్నీ పశువుల్నీ కాపాడమని అడుగుతారు. ఆ గొంతు ఎంత దూరం వినపడితే అంత దూరం ఆ రాత్రికి ఏ ఆపదా రాదని నమ్మకం. పిల్లలు కూడా కిక్కురుమనలేదు. నువ్వు సందెవేళ దీపం పెట్టి పాక వైపు తిరిగి ‘పశువూ పసిబిడ్డా చల్లగుండాలి’ అంటావే, అదే నాకు వినపడింది. నీ మాట ఎంత దూరం వస్తుందో నాకు తెలుసమ్మమ్మా.

మొన్న ఆగస్టు 1న వీళ్ల జాతీయ దినం. రాత్రికి కొండల మీద మంటలు వేశారు, పిల్లలు కాగితం లాంతర్లు పట్టుకుని తిరిగారు. అచ్చం భోగిలా ఉంది, చలి కూడా అంతే.

ఇక గంగ సంగతి. నీకు నిజంగా ఓపిక లేక అమ్మేస్తానంటే సరే, నేనేమీ అనను. మోకాళ్లు నీవి, నొప్పి నీది. మంచి ధర వస్తుందనో, మామయ్యకి ఇబ్బందనో అయితే మాత్రం వద్దు. నువ్వు గొంతుకూర్చుని పితుకుతావు, మన పీట జానెడు ఎత్తు కూడా ఉండదు. ఆవిడ పీట మీద కూర్చుంటే మోకాలు అంతగా మడవక్కర్లేదు. నేను దాన్ని దారంతో కొలుచుకున్నాను. ఒంటికాలు మీద నిలవడం నీకు కష్టం, అందుకని మూడు కాళ్లతో బొమ్మ గీసి ఈ కాగితం వెనక కొలతలు వేశాను. మామయ్యని మన వడ్రంగికి చూపించమను. తేలికగా ఉండాలి, వేపచెక్క వద్దు. గంగ నాలుగో నెల చూడి అన్నారు కాబట్టి మాఘమాసంలో ఈనుతుంది. సంక్రాంతి వెళ్లిన వారానికి నా వీసా అయిపోతుంది, అప్పటికి నేను ఇంట్లో ఉంటాను. తెల్లవారుజామున పాలు నేను తీస్తాను, బొటనవేలు మడవకుండా. నువ్వు పీట మీద కూర్చుని చూద్దువుగాని.

పీట కుదిరిందో లేదో ఫోన్‌లో నువ్వే చెప్పు. మామయ్య చేతికి ఇవ్వకు.

నీ మనవరాలు