తాళం పదిలం, సీటు మాయం: కార్యదర్శి వార్షిక నివేదిక

గౌరవ సభ్యులకు నమస్కారం.

ఈ ఏడాది మన సైకిల్ సంఘం పనులన్నీ దాదాపు ఒకే బెడద చుట్టూ తిరిగాయి. అందుకే ఈ నివేదికలోనూ ఎక్కువ భాగం దానికే పోయింది. జమాఖర్చులు కోశాధికారి విడిగా చదువుతారు. ఆదివారం సవారీలు వానరోజుల్లో తప్ప యథావిధిగా జరిగాయి.

ఇక ఆ బెడద సంగతి. మన సైకిళ్లు పోవడం తగ్గింది, కానీ వాటి మీది సామాను పోతోంది. సీట్లు, ముందు చక్రాలు, లైట్లు, ఒకరికైతే పెడళ్లు కూడా. ఫ్రేముకు గట్టి తాళం వేయాలని ఏళ్ల తరబడి మనమే ఊదరగొట్టాం, అందరూ వేశారు. దొంగ తాళం జోలికి రావడం మానేసి, తాళం పట్టని దాన్ని పట్టుకుపోవడం మొదలుపెట్టాడు. బాధితుల్లో మీ కార్యదర్శి కూడా ఒకడు. అరగంట పనిమీద లోపలికి వెళ్లి వచ్చేసరికి తాళం చెక్కుచెదరలేదు, సీటు మాత్రం రాడ్డుతో సహా లేదు. ఇల్లు చేరేదాకా నిలబడే తొక్కాను. నలుగురూ నవ్వారు. నవ్విన వారిలో ఒకరి సీటు ఆ నెలలోనే పోయింది.

దీనికోసం ఈ ఏడాది సభ్యులకు రెండు శిక్షణలు పెట్టాం. మొదటి శిక్షణలో కొత్త పరికరాలేవీ చూపించలేదు. ఎవరి సైకిల్ పక్కన వాళ్లని నిలబెట్టి, ఏ భాగం దేనితో ఊడుతుందో చూసుకోమన్నాం. సీటు రాడ్డు దగ్గర, చక్రం ఇరుసు దగ్గర క్విక్ రిలీజ్ (చేత్తో తిప్పితే బిగింపు వదిలే మీట) ఉన్న సైకిళ్లకు పనిముట్టే అక్కర్లేదు, చెయ్యి చాలు. ఇటలీ రేసర్ టూలియో కాంపన్యోలో 1927లో ఒక పోటీలో చలికి వేళ్లు కొంకర్లుపోయి చక్రం నట్లు విప్పలేకపోయాడనీ, క్విక్ రిలీజ్ ఆలోచన అప్పుడే పుట్టిందనీ చెబుతారు. మంచులో దారి మధ్య చక్రం విప్పాల్సినవాడికి అది వరమే. ఊళ్లో స్టాండులో పెట్టుకునే మనకు ఆ మీట దేనికి? చాలామంది దాన్ని తీసేసి, 5 మి.మీ. ఎల్ కీతో (ఎల్ ఆకారపు ఆరు పలకల కీ) బిగించే బోల్టులు వేయించుకున్నారు. సగం పని అక్కడే అయిపోయింది.

మిగతా సగం దగ్గరే చిక్కు. ఎల్ కీ ఎవరి జేబులోనైనా ఉంటుంది. అందుకని పాత మెకానిక్కుల ఉపాయం ఒకటి నేర్పాం. సీటు బోల్టు తలలోని ఆరు పలకల గుంట 5 మి.మీ. అయితే, ముందు చక్రపు ఇరుసులో వాడే 3/16 అంగుళాల బేరింగ్ గుండు (4.76 మి.మీ.) అందులో సరిగ్గా కూర్చుంటుంది. 4 మి.మీ. గుంటకు 5/32 అంగుళాల గుండు కావాలి. గుండు వేసి పైన మైనం గానీ సిలికాన్ గానీ నింపితే కీ లోపలికి దిగదు. మనకు అవసరమైనప్పుడు సూదితో గెలికి తీసుకోవచ్చు.

ఇక్కడ కార్యవర్గం తప్పు ఒకటి ఒప్పుకోవాలి. మొదటి శిక్షణలో సూపర్ గ్లూ అయినా ఫరవాలేదని మేమే చెప్పాం. సీటు ఎత్తు సరిచూసుకోకుండానే అంటించేసిన ముగ్గురు నెలల తరబడి మోకాళ్లు నొప్పెట్టేలా తొక్కారు. అసిటోన్ చుక్కలు వేస్తూ, నానబెడుతూ ఒక సాయంత్రమంతా ఆ గుండ్లు పీకడానికే సరిపోయింది. పెయింటు మీద పడితే అసిటోన్ దాన్నీ తినేస్తుంది, అదీ చూశాం. ముందు ఎత్తు సరిచూసుకుని వారం రోజులు తొక్కండి, ఆ తర్వాతే గుండు. అదీ మైనంతోనే.

పాత చైను పద్ధతికి అన్నిటికన్నా ఎక్కువ ఆదరణ దొరికింది. అరిగిన చైను ముక్కను పాత ట్యూబులో దూర్చి, సీటు కింది కమ్మీల గుండా, ఫ్రేము వెనక గొట్టాల చుట్టూ తిప్పి, చైను పిన్నుతో కలిపేయడమే. ట్యూబు ఉంటుంది కాబట్టి పెయింటు గీసుకుపోదు. చైను కట్టర్ ఉన్నవాడు విప్పుకుంటాడు, నిజమే. కానీ నడుస్తూ నడుస్తూ చెయ్యిచాచే దొంగ అది వెంట తిప్పుకోడు. సన్నటి కేబుల్ తాళాన్ని మాత్రం నమ్ముకోవద్దు, చిన్న కట్టర్‌కే అది తెగిపోతుంది. సీటు విప్పి సంచీలో వేసుకెళ్లే సభ్యులకు ఒక మాట: తెరిచి ఉన్న గొట్టంలోకి వాన నీళ్లు దిగితే కింద పెడళ్ల ఇరుసు దాకా పోతాయి. నోటికి బిరడా పెట్టండి.

బ్రూక్స్ బి17 లాంటి తోలు సీట్లు ఉన్నవారికి బాధ ఎక్కువ. సంవత్సరాల సవారీకి తోలు మన ఒంటికి తగ్గట్టు సాగుతుంది. అది పోతే కొత్తది కొనుక్కోవచ్చు గానీ, ఆ సుఖం కోసం మళ్లీ మొదటినుంచీ తొక్కాలి.

సంఘం ఇబ్బందిపడ్డ సంగతి ఇప్పుడు. మన పాత సామాను మార్పిడి రోజున బల్లమీదికి ఒక తోలు సీటు వచ్చింది. వెనక అంచు చిరిగితే నల్లదారంతో కుట్టిన కుట్టు చూసి, అది తనదేనని ఒక సభ్యురాలు గుర్తుపట్టారు. తెచ్చినాయన ఎవరి దగ్గరో తక్కువకు వస్తే తీసుకున్నారట. ఆయన మాటను అనుమానించలేదు, సీటు వెంటనే ఇచ్చేశారు కూడా. కానీ ఆ రోజంతా ఎవరి ముఖంలోనూ కళ లేదు. విడి సీటు కొనేది మామూలు పాదచారి కాదు, మనలాంటి వాళ్లే. ఫ్రేముకు అడుగున నంబరు ఉంటుంది, సీటుకు అలాంటిదేమీ ఉండదు. ఫిర్యాదులో రాయడానికి ఆనవాలే దొరకదు.

అందుకే రెండో శిక్షణ తాళాల మీద కాదు, గుర్తుల మీద పెట్టాం. సీటు అడుగున పేరులోని అక్షరాలు చెక్కడం, రాడ్డు లోపల చీటీ చుట్టి దూర్చడం, ఫ్రేము నంబరుతో పాటు సీటు కింది భాగాన్నీ ఫొటో తీసి ఉంచుకోవడం. మొదటి శిక్షణకు చోటు చాలనంతమంది వచ్చారు, దీనికి సగం కుర్చీలు ఖాళీ. నా దృష్టిలో ఇదే ఎక్కువ అవసరమైనది.

సర్వసభ్య సమావేశం ముందుకు వస్తున్న తీర్మానం ఒక్కటే. ఎక్కడినుంచి వచ్చిందో చెప్పలేని సీటునూ చక్రాన్నీ మన మార్పిడి బల్లమీద పెట్టనివ్వకూడదు. ఇలా చేస్తే బల్ల ఖాళీ అవుతుందని కార్యవర్గంలో ఇద్దరు అభ్యంతరం చెప్పారు. వారి వాదన వారే వినిపిస్తారు.

అరిగిన చైన్లు పారేయకండి. పనిముట్ల గదిలో తలుపు పక్కన డబ్బా పెట్టాం, అందులో వేయండి. చైను కట్టర్ కూడా అక్కడే ఉంది, వాడాక దయచేసి మళ్లీ అక్కడే పెట్టండి. ఈ ఏడాది అదీ ఒకసారి కనబడకుండా పోయింది.